6–9 గదిలో పూజ, శ్లోకం: పని సమయం చెడకుండా ఎక్కడ ఇమడ్చాలి?

పెదవాల్తేరు_అమ్మ

నమస్కారం అండి. పెదవాల్తేరులో నలుగురు తల్లులం కలిసి ఒక మేడ మీద 6–9 ఏళ్ళ పిల్లలకి మాంటిస్సోరి గది (పిల్లలు తమ పని తామే ఎంచుకుని చేసుకునే పద్ధతి) నడుపుతున్నాం. పిల్లలు 11 మంది. లెక్కలకి బంగారు పూసలు, స్టాంప్ గేమ్, చెకర్‌బోర్డు, పూసల గొలుసులు, భాషకి వ్యాకరణ గుర్తులు, ఈ పద్ధతిలో వాడే సామానంతా సమకూరింది. అన్నీ పూజా పునస్కారాలున్న ఇళ్ళే. పూజ, శ్లోకాలు, పండగలు కూడా చదువులో కలవాలని అందరి కోరిక.

చిక్కల్లా ఏంటంటే, 8:30కి ప్రార్థనకి కూర్చోబెడితే హారతి అయ్యేసరికి 9:20 అవుతోంది. పనిలో పడేసరికి ఇంకో అరగంట. 11:30కి భోజనాలు. చెకర్‌బోర్డు గుణకారం సగంలో ఉండగానే పళ్ళేలు వచ్చేస్తున్నాయి.

పూజ పని సమయంలోనే ఉండాలా, బయటా? అందరి చేతా శ్లోకం పలికిస్తే అది బట్టీ కాదా? విశ్వం పుట్టుక కథ చెబుతుంటే "బ్రహ్మ కదా పుట్టించాడు" అని అడిగే పిల్లలకి ఏం చెప్పాలి? ఈ మూడింటికీ తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

గోపాలపట్నం_గైడ్

ముందు ఆ 50 నిమిషాల ప్రార్థన సంగతి తేల్చండి, మిగతావి వాటంతటవే సర్దుకుంటాయి.

మూడు గంటల పని సమయం అంటే మధ్యలో ఎవరూ గంట కొట్టని మూడు గంటలు. పిల్లలు వచ్చీరాగానే చేతికి తేలికైన పని తీస్తారు. గంటో గంటన్నరో గడిచాక గదిలో గోల మొదలవుతుంది, అటూ ఇటూ తిరుగుతారు, నీళ్ళ సీసాల దగ్గర గుంపు కడతారు. చూసేవాళ్ళకి అలిసిపోయినట్టు కనిపిస్తారు గానీ అది నిజం అలసట కాదు. పెద్దవాళ్ళు కాస్త ఓపిక పడితే దాని వెనకాలే ఆ రోజుటి పెద్ద పని మొదలవుతుంది. చాలా చోట్ల సరిగ్గా ఈ గోల దగ్గరే బెదిరిపోయి "రండర్రా, భజన చేద్దాం" అని పోగేస్తారు. ఇక ఆ రోజు పెద్ద పని లేనట్టే.

అందుకని హారతి పొద్దున్నే, 10 నిమిషాలకి మించకుండా. వంతులవారీగా ఇద్దరు పిల్లలు పావుగంట ముందు వచ్చి సర్దుతారు: నిన్నటి పువ్వులు తీయడం, పీట తుడవడం, పంచపాత్రలో నీళ్ళు పోయడం, కుందిలో వత్తి, నూనె వేయడం. మిగతావాళ్ళు హారతికి నిలబడితే చాలు. రోజూ షోడశోపచారాలు వద్దు. దీపం, పువ్వు, నైవేద్యం, హారతి. పెద్ద పూజ ఉన్న పండగకి మాత్రం ఆ రోజంతా దానికే ఇచ్చేయండి. అరపూటలో పూజా, పనీ రెండూ కుక్కితే రెండూ చెడతాయి.

పూజకి కావలసిన చేతిపనులు మాత్రం పని సమయంలోనే ఉండాలి, అరల మీద, ట్రేల్లో. స్తోత్రాల కంటే పిల్లలు భక్తిని పట్టుకునేది ఇక్కడేనని నా లెక్క. ఒక్కో ట్రేకి ఒక్కటే పని పెట్టండి.

అక్షతలు: బియ్యం 100 గ్రాములు, నెయ్యి పావు చెంచా, పసుపు పావు చెంచా. నూకలు ఏరడమే సగం పని, తొందర పెట్టకండి. ముందు నెయ్యి పట్టించి ఆ తర్వాత పసుపు వేయాలి. వరస తప్పితే పసుపు ఉండలు కడుతుంది. నీళ్ళతో కలిపితే మన సముద్రపు గాలికి రెండో రోజుకే ముక్క వాసన.

వత్తులు: దూదిని విప్పి, గింజ ఉంటే తీసి, అరచేతుల మధ్య ఒకే వైపుకి పురి తిప్పాలి. అటూ ఇటూ తిప్పితే పురి విడిపోతుంది, పిల్లలందరూ చేసేది ఇదే. వేళ్ళకి చిటికెడు విభూతి రాస్తే పట్టు దొరుకుతుంది. తేమ పట్టిన దూది పురి పడదు, వెలిగించినా చిటపటలాడుతుంది. మూత గట్టిగా ఉన్న డబ్బాలో దాచి, వానాకాలంలో వాడే ముందు కాసేపు ఎండ చూపించండి.

గంధం: సాన మీద ఐదారు చుక్కల నీళ్ళు, చెక్కని నిలువుగా పట్టి గుండ్రంగా అరగదీయడం. నీళ్ళు ఎక్కువైతే జారిపోతుంది. పక్కన చిన్న ఇంకు ఫిల్లరు పెట్టండి, చెంబు పెట్టకండి. ఈ పనికి పావుగంట పైనే పడుతుంది, చేతికి వచ్చేది వేలి కొసంత. ఆ వయసు పిల్లలకి అదే నచ్చుతుంది, చెక్క అరిగిన చోటు చూసుకుంటూ కూర్చుంటారు.

ఇత్తడి తోమడం: నానబెట్టిన చింతపండు, చిటికెడు ఉప్పు. చింతపండు పులుపు పైనున్న నలుపుని కరిగిస్తుంది. అయితే ఆ పులుపూ ఉప్పూ మూలల్లో మిగిలిపోతే రెండు రోజుల్లో పచ్చటి చిలుము పడుతుంది. బీచ్ దగ్గరి ఇళ్ళల్లో ఇంకా తొందరగా. రెండు నీళ్ళు కడిగి, పొడిగుడ్డతో పూజ గంట లోపలి వైపు కూడా తుడవాలని విడిగా చూపించండి.

3–6 గదిలోలాగా ఒక్కొక్కరు ఒక్కొక్క ట్రే అని పట్టుపట్టకండి. ఈ వయసు వాళ్ళకి జట్టు కావాలి. ఒకరు దండ గుచ్చుతుంటే ఇంకొకరు పువ్వులు విడదీస్తారు. పూర్ణా మార్కెట్ నుంచి బంతిపూలు తెచ్చి సూదితో మొదలుపెట్టండి. అరటినారతో మల్లెలు కట్టడం వేళ్ళు కుదిరాకే.

ఇంకోటి, ఆయుధపూజ నాడు బంగారు పూసలకి కుంకుమ పెట్టకండి. పూసకీ తీగకీ మధ్యకి దూరితే ఎంత కడిగినా రాదు. పెట్టె మూత మీద బొట్టు చాలు.

ఛందోవీధి

శ్లోకాల సంగతి నేను చెబుతాను.

11 మందిని కూర్చోబెట్టి ఒకేసారి పలికిస్తే ఐదుగురు పలుకుతారు, ఆరుగురు పెదాలు కదుపుతారు. పాత పద్ధతే మేలు: ముగ్గురు నలుగురికి సంత చెప్పడం. చెప్పేవారు పాదం ఒకసారి అంటారు, పిల్లలు రెండుసార్లు అంటారు. ముందు పాదాలు, తర్వాత అర్ధశ్లోకాలు, చివరికి మొత్తం. రెండు వారాలకి ఒక శ్లోకం చాలు. పలకడానికి ముందే భావం కథలా చెప్పేయండి. ప్రతిపదార్థం ఇప్పుడు అక్కర్లేదు. భావాన్ని తన సొంత మాటల్లో రెండు వాక్యాలు చెప్పగలిగితే అది బట్టీ కాదు. ఈ వయసులో జ్ఞాపకశక్తి ఎంత ఉంటుందో "ఎందుకు" అనే ప్రశ్నా అంతే ఉంటుంది. ఒకదాన్నే మేపి రెండోదాన్ని పస్తు పెడితేనే బట్టీ అవుతుంది.

ఉచ్చారణలో పడే తప్పులు ఎప్పుడూ అవే: శ, ష, స మూడూ ఒకటైపోవడం, ధ కాస్తా ద కావడం. పలుకుతుండగా మధ్యలో ఆపి దిద్దకండి, పాట తెగిపోతుంది, పిల్లలు బిక్కచచ్చిపోతారు. ఇంకో పూట ఆ మూడు గరుకు అక్షరాలూ (వేలితో తడిమి నేర్చుకునే గరుకు కాగితం అక్షరాలు) తీసి నాలుక ఎక్కడ ఉందో చూపించండి. స కి పళ్ళ వెనక, శ కి అంగిలి దగ్గర, ష కి కొస వెనక్కి మడత. చిన్న అద్దం పెడితే వాళ్ళే చూసుకుంటారు.

అసలు మజా ఆ తర్వాత ఉంది. "శుక్లాంబరధరం విష్ణుం" తీసుకోండి. చీటీల మీద అక్షరానికొకటి రాయించండి: శు, క్లాం, బ, ర, ధ, రం, వి, ష్ణుం. ఎనిమిది. అలాంటి పాదాలు నాలుగు, మొత్తం 32. ఇప్పుడు గురువుకి U, లఘువుకి I పెట్టిస్తే U U I I I U U U వస్తుంది. మొదటి "శు" దగ్గర అందరూ లఘువు పెడతారు. పక్కన క్ల ఉంది కాబట్టి గురువైందని చప్పట్లు కొట్టి వినిపించాలి, సూత్రంగా చెప్పకూడదు. రెండో పాదం "శశివర్ణం చతుర్భుజం" కూడా చేశాక రెండు వరసలూ ఒకదాని కింద ఒకటి పెట్టించండి. అయిదోది రెండు చోట్లా లఘువు, ఆరోది రెండు చోట్లా గురువు. ఏడోది మాత్రం పైన గురువు, కింద లఘువు. ఈ శ్లోకం ఛందస్సు అనుష్టుప్పు, దాని గుట్టు అదే. మీరు చెప్పకండి, ఎనిమిదేళ్ళవాళ్ళు వాళ్ళే పట్టేస్తారు.

శ్లోకాల పోటీలు, బహుమతులు మాత్రం గదిలోకి రానివ్వకండి. ఒక్క కప్పు ఇచ్చారంటే మర్నాటి నుంచి అందరూ పెద్ద శ్లోకం ఏదని వెతుకుతారు, మంచిది ఏదని కాదు.

చుక్కలముగ్గు

లెక్కల అర మీద కూడా పూజ సామాను చాలా ఉందండి, ఎవరూ వాడుకోరు.

జపమాల తీసుకోండి. 108 పూసలు. ముదురు నీలం తొమ్మిదుల కడ్డీలు 12 పేర్చితే అదే 108. విడి పూసలతో దీర్ఘచతురస్రాలు పేర్చమంటే 1×108, 2×54, 3×36, 4×27, 6×18, 9×12 అని ఆరు వస్తాయి. అయిదేసి పేర్చబోతే 21 వరసలు వచ్చి 3 మిగులుతాయి. కారణాంకాల పాఠం మొత్తం అక్కడే అయిపోతుంది. 4×27 దగ్గర ఆగి 27 నక్షత్రాలు, ఒక్కోదానికి 4 పాదాలు అని చెప్పండి. మాలనే లెక్కపెట్టమంటే సగం మంది 109 అంటారు, మేరు పూసని కూడా కలిపేసి. తప్పు మాలలోనే తెలిసిపోతుంది, మీరు నోరు విప్పక్కర్లేదు.

ముగ్గులూ అంతే. 7 ఎదురు చుక్కలు 1 వచ్చేదాకా అంటే 1+3+5+7+5+3+1, మొత్తం 25. మధ్య వరసతో కలిపి పై సగం 16, కింద మిగిలింది 9. బేసి సంఖ్యలు వరసగా కూడితే వర్గాలే వస్తాయని పూసల చతురస్రాలు పక్కన పెట్టి చూపించొచ్చు. 7 సందు చుక్కలు 4 వచ్చేదాకా పెడితే 37: మధ్యలో 1, చుట్టూ 6, ఆ చుట్టూ 12, ఆ చుట్టూ 18. ముగ్గు మేడ మీదే వేయించండి. గదిలో వేస్తే రాతిపిండి దుమ్ము చెక్క సామాను గాడుల్లో చేరుతుంది.

పంచాంగం ఇంకా పెద్ద పని, ఏడాది పొడుగునా నడుస్తుంది. 30 చీటీల పట్టీ చేయించండి, 15 తెల్లవి, 15 నల్లవి. సూర్యుడికీ చంద్రుడికీ మధ్య కోణం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి. 360ని 12తో భాగించి 30 తెచ్చుకోవడం స్టాంప్ గేమ్ మీద చేయగలరు. ఇక్కడ అందరూ తడబడేది ఒక్క చోటే: రోజుకో తిథి అనుకుంటారు. చంద్రుడు ఎప్పుడూ ఒకే వేగంతో నడవడు కాబట్టి తిథి ఒక్కోసారి 20 గంటల్లోపే అయిపోతుంది, ఒక్కోసారి 26 దాటుతుంది. సగటున 23 గంటల 37 నిమిషాలు. సూర్యోదయానికి ఏ తిథి ఉంటే రోజుకి ఆ పేరు. అందుకే క్యాలెండర్‌లో ఒక తిథి ఎగిరిపోవడం, ఒకటి రెండు రోజులు ఉండటం. పట్టీ రోజూ జరిపే పిల్లాడు మీ కంటే ముందు ఇది గమనిస్తాడు, జవాబు సిద్ధంగా పెట్టుకోండి.

తర్వాత సూర్యుడి ఏడాది 365 రోజుల్లోంచి చంద్రుడి ఏడాది 354 తీయించండి. ఏటా 11 రోజులు వెనకబడితే 30 కావడానికి రెండున్నరేళ్ళు దాటుతుంది, అదే అధిక మాసం. 2023లో అధిక శ్రావణం, 2026లో అధిక జ్యేష్ఠం.

విశాఖలో ఉండి సముద్రాన్ని వదిలేయకండి. పౌర్ణమికీ అష్టమికీ నీళ్ళు ఎంతవరకు వచ్చాయో రాయించండి. పోటు రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది, చంద్రోదయంలాగే. అయితే ఆర్కే బీచ్‌లో అలల దగ్గరికి మాత్రం వెళ్ళనివ్వకండి, అక్కడ లోపలికి లాగేస్తుంది. గోడ దగ్గర నిలబడి చూస్తే చాలు.

పెదవాల్తేరు_అమ్మ

ఇంత వివరంగా చెప్పారు, అందరికీ కృతజ్ఞతలు. బ్రహ్మ సంగతి మిగిలిపోయింది. మాలో ఒకావిడ జీవుల కాలపట్టిక పక్కన దశావతారాల బొమ్మలు పెడదామంటున్నారు. చేప, తాబేలు, పంది అని వరసగా సరిపోతాయి కదా అని. ఇంకో మాట, ఒక క్రైస్తవ కుటుంబం వాళ్ళ పాపని చేర్చుకుంటారా అని అడుగుతున్నారు.

చుక్కలముగ్గు

పెట్టండి, పిల్లలకి రెండూ ఒకేసారి గుర్తుంటాయి. 432 కోట్ల ఏళ్ళ కల్పం (బ్రహ్మకి ఒక పగలు), 460 కోట్ల ఏళ్ళ భూమి కూడా దగ్గరదగ్గరగానే ఉన్నాయి కదా.

భీమిలి_నాన్న

ఇక్కడ మాత్రం చుక్కలముగ్గు గారితో ఒప్పుకోలేను. అంకెలు దగ్గరగా ఉండటం వేరు, రెండూ ఒకటే అనడం వేరు. ఆ పట్టికలో చేపల కంటే ముందు ట్రైలోబైట్లు (ఎప్పుడో అంతరించిన సముద్ర జీవులు) ఉంటాయి, వాటికి అవతారం లేదు. ఇక మన అప్పన్న సంగతి చూడండి, సింహాచలంలో ఉన్నది వరాహ నారసింహ రూపం. దాన్ని ఏ గడిలో పెడతారు? ఎనిమిదేళ్ళ పిల్ల ఈ ప్రశ్న అడిగి తీరుతుంది. అప్పుడు పట్టిక మీదా నమ్మకం పోతుంది, పురాణం మీదా పోతుంది.

రెండు కథలూ పూర్తిగా, దర్జాగా, వేరు వేరు రోజుల్లో చెప్పండి. విశ్వం పుట్టుక రోజు ప్రయోగాలతో: నూనె, నీళ్ళు, తేనె ఒక గ్లాసులో పోసి ఏది కిందికి దిగిందో, ఏది తేలిందో చూపించడం లాంటివి. పురాణం రోజు దీపం వెలిగించి, చాప మీద కూర్చుని. "బ్రహ్మ కదా" అంటే "అవును, పురాణం అలా చెబుతుంది, ఆ కథ శుక్రవారం పూర్తిగా చెప్పుకుందాం. ఇవాళ్టిది రాళ్ళనీ నక్షత్రాలనీ చూసినవాళ్ళు చెప్పే కథ" అనండి, చాలు. శుక్రవారం అన్నాక శుక్రవారం తప్పకూడదు. కాస్త పెద్ద పిల్లలకి ఋగ్వేదం పదో మండలంలోని 129వ సూక్తం, నాసదీయం, భావం చదివి వినిపించవచ్చు. ఈ సృష్టి ఎక్కడిదో నిజంగా ఎవరికి తెలుసు అని ఆ సూక్తమే అడుగుతుంది. ప్రశ్న అడగడం తప్పు కాదని పిల్లలకి వేరే చెప్పనక్కర్లేదు.

గోపాలపట్నం_గైడ్

భీమిలి_నాన్న గారి మాటే నాదీ. మాంటిస్సోరి పద్ధతిలో క్రైస్తవ బోధన చేసినవాళ్ళు కూడా కలిపేయలేదు. 1954లో రోమ్‌లో సోఫియా కవాలెట్టి, జానా గోబ్బి మొదలుపెట్టినప్పుడు దానికి వేరే గది, వేరే సామాను. మేడ మీద రెండో గది లేకపోతే తూర్పు మూల ఒక పీట, ఒక అర విడిగా పెట్టండి. అక్కడి సామాను లెక్కల అర మీదికి రాదు. జపమాల లెక్క చేస్తే దానికి వేరే మాల, పూజలోది కాదు.

ఆ పాప విషయం: చేర్చుకునే ముందే పొద్దున హారతి ఉంటుందని, ఏమేం చేస్తామో కాగితం మీద రాసి ఇవ్వండి. హారతి సమయంలో ఆ పాప మొక్కలకి నీళ్ళు పోయడమో, తనకి నచ్చిన ఇంకో పనో చేసుకోవచ్చు. శిక్షలా బయట నిలబెట్టడం మాత్రం వద్దు. దండ గుచ్చడం, ఇత్తడి తోమడం చేస్తానంటే అడ్డు చెప్పకండి. రేపు మీ గది ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిగా మారితే రాజ్యాంగం 28(3) అధికరణం ప్రకారం తల్లిదండ్రుల సమ్మతి లేకుండా పిల్లల్ని మతబోధకో పూజకో హాజరు కావాలనడానికి వీల్లేదు. ఆ సమ్మతి కాగితం ఇప్పటి నుంచే, హిందూ కుటుంబాల దగ్గర కూడా, తీసుకోండి.

సింహాచలం వెళ్ళాలనుకుంటే 11 మందినీ పిక్నిక్‌లా వేసుకెళ్ళకండి. ముగ్గురు నలుగురు పిల్లలు, ఒక పెద్ద. ఏం చూడాలో, ఏ బస్సో, ఎంత డబ్బో వాళ్ళే రాసుకోవాలి. 1098–99 నాటి కుళోత్తుంగ చోళుడి శాసనం, 1516 నాటి కృష్ణదేవరాయల శాసనం చరిత్ర పట్టీ మీద గుర్తుపెట్టుకుని వెళితే గోడ మీది అక్షరాలు చూసే కన్ను వేరుగా ఉంటుంది. చందనోత్సవం రోజూ, ఆషాఢ పౌర్ణమి గిరి ప్రదక్షిణ రోజూ వద్దే వద్దు. ఆ జనంలో పిల్లల చెయ్యి పట్టుకోవడమే సరిపోతుంది. ప్రదక్షిణ 32 కిలోమీటర్లు, పిల్లల కాళ్ళకి అది కాదు. ఆ దారిని మ్యాపు మీద దారంతో కొలిపించండి.

పెదవాల్తేరు_అమ్మ

దీపం పిల్లలే వెలిగించవచ్చా? ఏ వయసు నుంచి?

ఛందోవీధి

వయసు కాదు, వరస చూడండి. ముందు వెలిగించని కుందిని నూనెతో సహా తొణక్కుండా మోయడం, తర్వాత అగ్గిపుల్ల గీసి ఇసుక గిన్నెలో ఆర్పడం, ఆ తర్వాత ఏకహారతితో దీపం వెలిగించడం. పెద్దవాళ్ళు చెయ్యి చాపితే అందేంత దగ్గర ఉండాలి. ఫ్యాన్ ఆపాలి, జడ వెనక్కి వేయాలి, నైలాన్ పరికిణీ ఉంటే ఆ రోజు వంతు ఇంకొకరికి. నూనె కుంది అంచుకి వేలెడు కిందే ఆపండి. వత్తి కొస గోరంత బయటికి ఉంటే చాలు, ఎక్కువుంటే పొగ, మసి.

గోపాలపట్నం_గైడ్

కర్పూరం మాత్రం పెద్దవాళ్ళ దగ్గరే ఉండాలి. బిళ్ళ చూడ్డానికి పటికబెల్లంలా ఉంటుంది, చిన్న ముక్క మింగినా పిల్లలకి మూర్ఛ రావచ్చు. నైవేద్యం పళ్ళెం, కర్పూరం డబ్బా ఒకే ట్రేలో పెట్టకండి. డబ్బా పై అరలో, మూత బిగించి. మూత వదులైతే ఎలాగూ వారంలో సగం గాలికి పోతుంది.